మా డిపోలో ఛేంజ్ నెల

మా బస్సుల సంస్థ నష్టాల్లో ఉందని అందరికీ తెలుసు. ఎందుకు నష్టాల్లో ఉందో మాత్రం మొన్న వేసవి దాకా ఎవరికీ తెలియదు. బస్సులు పాతవైపోయాయని కొందరు, రోడ్లు గోతులమయమని కొందరు నోటికొచ్చింది అనుకుంటూ కాలక్షేపం చేస్తుండగా, హెడ్డాఫీసు వారు ఒక నిపుణుల సంఘాన్ని వేసి, దాన్ని చల్లటి కొండప్రాంతానికి పంపి, అసలు కారణం కనిపెట్టించారు. సిబ్బందికి ఇంగ్లీషు క్రియలు రాకపోవడమే కారణమట.

నామవాచకాలకు మా దగ్గర లోటు లేదు. బస్సు, టికెట్, లగేజీ, పంక్చరు, చార్జిషీటు, సస్పెన్షను, ఇవన్నీ మాకు పుట్టుకతో వచ్చిన మాటల్లాంటివే. "నామవాచకాల మీద కూర్చున్న సంస్థ కదలదు. సంస్థ కదలాలంటే క్రియ కావాలి" అని సర్క్యులర్లో రాశారు. అది చదివి నా ఒళ్లు పులకరించింది. బస్సులు డీజిలుతో కదులుతున్నాయని ఇన్నాళ్లూ అమాయకంగా నమ్మినవాణ్ణి నేను.

నేను నేరెళ్లవలస బస్ కాంప్లెక్సులో కంట్రోలర్ని. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఉందో, ఏది ఎందుకు రాలేదో మైకులో చెప్పడం నా పని. కాబట్టి కొత్త పథకం మొదట నా నోటి మీదే పడింది. పథకం పేరు 'నెలకో క్రియ'. నెలకు ఒక ఇంగ్లీషు క్రియను తీసుకుని, దాని అర్థాలన్నీ సిబ్బంది అందరూ నేర్చుకోవాలి. బట్టీ పట్టడం కాదు. ఒక్కో అర్థాన్నీ ఆచరించి, ఫోటో తీసి పంపాలి. మొదటి నెల క్రియ 'ఛేంజ్'.

పథకాన్ని ప్రారంభించడానికి హెడ్డాఫీసు నుంచి క్రియా సమన్వయాధికారి డాక్టర్ హయగ్రీవ్ గారు వచ్చారు. మెరిసే బూట్లు, మెత్తటి గొంతు. ఏ మాట మాట్లాడినా ఎదుటివాడు రాసుకుంటున్నాడో లేదో చూసుకుంటూ మాట్లాడతారు.

"మిత్రులారా, ఛేంజ్ అనే పదాన్ని మీరు వాడుతున్నారు. కానీ ఆ పదం మిమ్మల్ని వాడుకోవడానికి మీరు అవకాశం ఇస్తున్నారా?" అని అడిగారు.

మా డిపో మేనేజరు పొట్నూరు సత్యారావు గారు తల బలంగా ఊపారు. దాన్ని అవునని తీసుకోవచ్చు, కాదని తీసుకోవచ్చు. ఆయన సర్వీసంతా ఆ తల ఊపుడు మీదే నడిచింది.

కండక్టరు కామేశ్వరరావు లేచి, "సార్, మేవు రోజూ ఛేంజ్ లేదు, ఛేంజ్ లేదు అంటూనే ఉన్నాం కదండీ" అన్నాడు.

"అది నామవాచకం. పైగా లేనిది" అన్నారు డాక్టర్ గారు.

అందరికీ తలో పుస్తకం ఇచ్చారు. 'ఛేంజ్: అర్థాలు, ప్రయోగాలు, ప్రగతి' అని అట్ట మీద ఉంది. లోపల ఒక్కో అర్థానికీ ఒక్కో అధ్యాయం. ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడం, బట్టలు మార్చుకోవడం, చోటు మార్చుకోవడం, గేరు మార్చడం, మనసు మార్చుకోవడం, అలా చాలా ఉన్నాయి. ప్రతి అధ్యాయం చివరా మార్కులు. వారం వారం డిపోలకు ర్యాంకులు. అడుగున ఉన్న డిపో మేనేజరు హెడ్డాఫీసుకు వచ్చి సంజాయిషీ చెప్పుకోవాలి.

మర్నాటి నుంచి డిపో మారిపోయింది.

చోటు మార్చుకునే అధ్యాయం కింద క్యాషియర్ని మొదటి వారం నా మైకు దగ్గర కూర్చోబెట్టారు. అతనికి నత్తి. విజయనగరం బస్సు బయల్దేరి రెండు ఊళ్లు దాటాక గానీ దాని పేరు పూర్తయ్యేది కాదు. ఆఫీసు జీపు డ్రైవర్ని క్యాంటీనుకు, క్యాంటీను మాస్టర్ని జీపుకు పంపారు. ఆ నెల ఉప్మా తినలేకపోయాం గానీ, జీపుకు మాత్రం ఏ ప్రమాదమూ జరగలేదు. మాస్టరు దాన్ని స్టార్టు చెయ్యడం నేర్చుకోలేదు.

బట్టల అధ్యాయం కింద డ్రైవర్లు డ్యూటీ మధ్యలో ఖాకీ విప్పి మళ్లీ ఖాకీయే వేసుకోవాలి. గేరు అధ్యాయం దగ్గర డ్రైవరు లింగరాజు అభ్యంతరం చెప్పాడు. "నాను పొద్దుట్నించీ గేర్లే మారుస్తాను కదండీ, మల్లీ కొత్తగా ఏటి నేర్చుకోవాల?" అన్నాడు. నోరు మూసుకుని మార్చిన గేరు లెక్కలోకి రాదన్నారు. అప్పట్నుంచి లింగరాజు గేరు మార్చినప్పుడల్లా "ఛేంజ్" అని అరిచేవాడు. ఎత్తు రోడ్డు వచ్చిందంటే ఏదో మంత్రం చదువుతున్నాడనుకుని వెనక సీట్లలోని ముసలమ్మలు దణ్ణం పెట్టుకునేవాళ్లు.

అరిగిపోయిన టైర్ల బదులు కొత్తవి వేయిస్తే మొదటి అధ్యాయం కూడా పూర్తవుతుందని గ్యారేజీ వాళ్లు ఆశపడ్డారు. కొత్తవాటికి నిధులు లేవు. ముందు టైర్లు వెనక్కి, వెనక టైర్లు ముందుకి వేయించి, అది రెండు ఛేంజ్‌ల కింద రాయించారు సత్యారావు గారు.

ఇంత చేసినా ర్యాంకుల్లో మేం అడుగునే ఉన్నాం. కారణం ఇంకో అధ్యాయం. ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కడం అన్న అర్థానికి అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పెట్టారు. నాలుగు రోడ్ల కూడలిలో ఉన్న డిపోలకు అది కూర్చున్నచోటే దొరికింది. మా బస్సులు మా ఊళ్లో బయల్దేరి సరాసరి వెళ్లాల్సిన చోటికి వెళ్లిపోతాయి. ఇన్నేళ్లూ అది మా డిపోకు మంచిపేరని అనుకున్నాం.

సత్యారావు గారు చెడ్డమనిషి కాదు. రిటైరయ్యే ముందు హెడ్డాఫీసులో నిలబడి సంజాయిషీ చెప్పుకోవడం ఆయనకు ప్రాణసంకటంగా ఉంది, అంతే. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు మొహం వెలిగిపోతూ వచ్చారు.

"సరాసరి బస్సుల్ని ముక్కలు చేసేద్దావయ్యా" అన్నారు.

ముందుగా పెద్దాసుపత్రి బస్సును ముక్కలు చేశారు. అది పొద్దున్నే మా కాంప్లెక్సులో బయల్దేరి పట్నంలోని పెద్దాసుపత్రి గేటు దగ్గర ఆగుతుంది. సాయంత్రం అదే తిరిగొస్తుంది. ఆ దారికి ఉన్నది ఆ ఒక్క బస్సే. డాక్టర్ హయగ్రీవ్ గారు హెడ్డాఫీసులో మ్యాపు ముందు కూర్చుని రెండు ఛేంజ్ పాయింట్లు ఎంపిక చేశారు. ఒకటి రెల్లుగడ్డ మలుపు, రెండోది పాత ఇటుకబట్టీ. అక్కడ ప్రయాణికులు బస్సు దిగి ఇంకో బస్సు ఎక్కాలి.

"ఇంకో బస్సు ఎక్కడుందండీ?" అని అడిగాను.

సత్యారావు గారు దానికీ దారి ఆలోచించారు. జనం దిగుతారు. కండక్టరు బస్సు నుదుటి బోర్డు తిరగేస్తాడు. బోర్డు తిరిగింది కాబట్టి అది ఇంకో బస్సు. జనం మళ్లీ అందులోనే ఎక్కుతారు. రెండు బస్సుల మధ్య అరగంట కనెక్షన్ విరామం ఉండాలని పుస్తకంలో ఉంది. ప్రయాణికుడు ఛేంజ్‌ను అనుభూతి చెందడానికి ఆ మాత్రం వ్యవధి అవసరమట.

అలా మొదలైంది. రెల్లుగడ్డ మలుపులో బస్సు ఆగగానే కామేశ్వరరావు లేచి గొంతు సవరించుకుని "ఛేంజ్ హియర్ ప్లీజ్" అనేవాడు. జనం బస్సు చెడిపోయిందనుకుని దిగేవాళ్లు. అరగంట ఎండలో నిలబడేవాళ్లు. బోర్డు తిరిగేది. ఎక్కేవాళ్లు. ఇందాక కూర్చున్నవాడు ఇప్పుడు నిలబడేవాడు. ఇటుకబట్టీ దగ్గర మళ్లీ అదే తతంగం. ఆ వారం మా డిపో అడుగు నుంచి లేచి మధ్యకు వచ్చింది. సత్యారావు గారు అందరికీ జిలేబీ పంచారు.

గున్నమ్మ నా కౌంటరు దగ్గరికి వచ్చింది ఆ మర్నాడే. ఆవిడ మా కాంప్లెక్సు గోడ పక్కనే ఎండుచేపలు అమ్ముతుంది. మొగుడు దండాసికి మూత్రపిండాలు రెండూ పోయాయి. వారానికి రెండుసార్లు పెద్దాసుపత్రిలో మిషను మీద పడుకోబెట్టి రక్తం కడుగుతారు. మిషన్లు తక్కువ, రోగులు ఎక్కువ. పిలిచినప్పుడు మనిషి లేకపోతే తర్వాతివాణ్ణి పడుకోబెట్టేస్తారు. లింగరాజు తన వెనక సీటు ఎప్పుడూ దండాసి కోసం అట్టేపెట్టేవాడు. దండాసి అందులో తల ఆనించి, దారంతా కళ్లు మూసుకుని వెళ్లేవాడు.

"కంట్రోలు బావూ, ఏటిది?" అంది గున్నమ్మ. "ఎల్లేది ఒకటే బస్సు కదా, మజ్జిలో దించెత్తారేటి? దిగినోలం మల్లీ అదే బస్సు ఎక్కుతన్నాం. నిన్న మేం ఎల్లీసరికి మిషను వేరేవోలికి ఇచ్చీసినారు. పొద్దుగూకులూ కూకోబెట్టి సగం కడిగి పంపీసినారు. మావ కాల్లు సూడు, ఎలా పొంగిపోనాయో."

దండాసి గోడకు జారగిలబడి ఉన్నాడు. కాళ్లు నిండిన తిత్తుల్లా ఉన్నాయి. మాట్లాడబోయి, ఊపిరి అందక ఊరుకున్నాడు.

"ఇంకోపాలి టైముకి రాకపోతే పేనం మీదికి ఒచ్చెత్తాదని నర్సమ్మ సెప్పింది. మీకు దండవెడతాను బావూ, మీరు ఇంగిలీసు నేర్సుకోండి, మేవు వద్దనం. బస్సు ఆపకండి."

నాకు మొదట సిగ్గేసింది, తర్వాత ఒళ్లు మండింది. తిన్నగా సత్యారావు గారి గదికి వెళ్లాను. ఆయన అంతా విన్నారు. నిజంగానే బాధపడ్డారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"పాపం. ఆయన్ని ఆసుపత్రి ఛేంజ్ చేసుకోమంటే?" అన్నారు.

"జిల్లాకంతా ఆ మిషన్లు అక్కడే ఉన్నాయండీ."

"నేనేం చెయ్యనయ్యా? దించాలని నిర్ణయం తీసేసుకున్నాను కదా."

అప్పుడు నాకు ఆ పుస్తకంలోని ఇంకో అధ్యాయం గుర్తొచ్చింది. మనసు మార్చుకోవడం. మా డిపోలో దాన్ని ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు. "మీరు నిర్ణయం తీసుకున్నారు కదండీ. ఇప్పుడు దాన్ని మార్చుకోండి. ఆ అధ్యాయం మార్కులు మనకే వస్తాయి. జిల్లాలో ఏ డిపో మేనేజరూ ఇంతవరకూ మనసు మార్చుకోలేదు" అన్నాను.

సత్యారావు గారు కుర్చీలోంచి లేచి నన్ను కౌగిలించుకున్నంత పని చేశారు. అప్పటికప్పుడు హెడ్డాఫీసుకు ఫోను చేశారు. కాసేపు "ఎస్సార్, ఎస్సార్" అన్నారు. ఫోను పెట్టేసి మెల్లగా కూర్చున్నారు.

"మనసు మార్చుకోవడం మన కేడరులో లేదటయ్యా. జోనల్ మేనేజరు స్థాయి నుంచి మొదలవుతుందట. డిపో స్థాయిలో మనసు మంజూరు కాలేదన్నారు."

"మరి దండాసి?"

"అది కూడా చెప్పాను. ఒక ప్రయాణికుడు మన బస్సుల్లో అన్నిసార్లు ఛేంజ్ అవుతున్నాడంటే చాలా ప్రోత్సాహకరంగా ఉంది, స్వయంగా వచ్చి చూస్తానన్నారు."

అన్నట్టుగానే రెండు రోజులకు డాక్టర్ హయగ్రీవ్ గారు రాత్రి బస్సులో వచ్చి, పొద్దున్నే ఆసుపత్రి బస్సు ఎక్కారు. పక్కన సత్యారావు గారు. ఫోటోలు తీయడానికి నేను. నా పక్క సీట్లో చేపల గంపతో గున్నమ్మ, డ్రైవరు వెనక దండాసి. అది అతని మిషను రోజు. ఆరోజు అతను ఊపిరి పీలుస్తుంటే బస్సు ఇంజను చప్పుడులో కూడా వినపడుతోంది. గున్నమ్మ కిటికీలోంచి రోడ్డును చూడడం లేదు. అతని వీపునే చూస్తోంది.

రెల్లుగడ్డ మలుపులో అందరూ దిగారు. దండాసిని గున్నమ్మ రెక్క పట్టుకుని దించింది. డాక్టర్ గారు అతని భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. "ఈయన ముఖంలో ట్రాన్స్ఫర్మేషన్ కనిపిస్తోంది" అన్నారు. కనిపిస్తున్నది ఆయాసం. అరగంట గడిచింది, బోర్డు తిరిగింది, ఎక్కాం.

ఇటుకబట్టీ దగ్గర దండాసి లేవలేకపోయాడు. అందరూ దిగి ఎండలో నిలబడ్డారు. అతనొక్కడే సీట్లో ఉండిపోయాడు.

"దిగమనండి" అన్నారు డాక్టర్ గారు.

"అతనికి బాగోలేదండీ. అలా ఉండనిద్దాం" అన్నాను.

"నేను మానవతావాదినే. కానీ ఒక్కరు లోపల ఉన్నా బస్సు ఖాళీ అయినట్టు కాదు. ఖాళీ కాకపోతే విరామం మొదలైనట్టు కాదు. విరామం మొదలవకపోతే పూర్తి కాదు. మీరే ఆలస్యం చేస్తున్నారు" అన్నారాయన గడియారం చూపిస్తూ.

సత్యారావు గారు తల ఊపారు. ఎటు ఊపారో ఆరోజు కూడా తెలియలేదు.

ఇద్దరు ప్రయాణికులు దండాసిని ఎత్తి కిందకి దించి, బస్సు నీడలో కూర్చోబెట్టారు. గున్నమ్మ కొంగుతో అతని మొహానికి విసురుతోంది. డాక్టర్ గారు "ఇప్పుడు విరామం మొదలైంది" అని ప్రకటించి, అవతల బట్టీ గోడకు కొట్టించిన 'ఛేంజ్ పాయింట్' బోర్డు ముందు ఫోటో కావాలన్నారు. ఆయన, సత్యారావు గారు, నేను అటు నడిచాం. ఆయన కోటు సర్దుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. వెనక బస్సు కూడా రావాలన్నారు. నేను ఫోను ఎత్తి, బస్సు కూడా వచ్చేట్టు చూస్తున్నాను.

అందులో కనపడింది. గున్నమ్మ లేచి ఇందాకటి ఇద్దరికీ ఏదో చెప్పింది. వాళ్లు దండాసిని ఎత్తి లోపల పడుకోబెట్టారు. నిలబడ్డ జనమంతా చప్పుడు చెయ్యకుండా ఒకరి వెనక ఒకరు ఎక్కేశారు. అందరికన్నా ఆఖర్న గున్నమ్మ ఫుట్‌బోర్డు మీద నిలబడి, బస్సు ఒంటిని అరచేత్తో దబదబా బాది, ఎండుచేపలు అమ్మే గొంతుతో ఒక్క అరుపు అరిచింది.

"రైట్ రైట్!"

ఆ మాట చెవిన పడితే బండి తియ్యడం తప్ప ఇంకేమీ ఎరుగడు స్టీరింగు ముందే కూర్చున్న లింగరాజు. ఎవరన్నారని వెనక్కి తిరిగి చూసే అలవాటు మా డ్రైవర్లకు లేదు. బండి కదిలింది. బోర్డు తిరగేసే వేళ కోసం రోడ్డు పక్కన నిలబడ్డ కామేశ్వరరావు కదిలిన బస్సు వెనక పరుగెత్తి, అలవాటు కొద్దీ ఎగిరి ఫుట్‌బోర్డు ఎక్కేశాడు. "ఛేంజ్" అని లింగరాజు గేరు మార్చిన కేక ఒకటి మాకు వినపడింది. కాసేపటికి ఇంకొకటి, దూరంగా.

నేను చూశాను. ఫోటో తీయడం అయ్యాక చెబుదామనుకున్నాను.

"బాగా వచ్చిందా?" అన్నారు డాక్టర్ గారు.

"బాగా వచ్చిందండీ. బస్సు మాత్రం వెళ్లిపోయింది."

ఆయన వెనక్కి తిరిగి చూశారు. దుమ్ము కనపడింది. కాసేపు ఆ దుమ్ము వంకే చూసి, "పరవాలేదు. తర్వాతి బస్సు ఎప్పుడు?" అన్నారు.

మైకు లేకపోయినా నా గొంతు దానంతటదే కౌంటరు గొంతు అయిపోయింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. నేరెళ్లవలస వెళ్లే బస్సు సాయంత్రం వస్తుంది. ఇప్పుడు వెళ్లిన బస్సే అది" అన్నాను.

"ఇక్కడ ఛేంజ్ అవడానికి ఇంకో బస్సు ఉండాలి కదా?"

"ఉండాలండీ" అన్నారు సత్యారావు గారు. ఈసారి తల కచ్చితంగా పైకీ కిందకీ ఊపారు.

జీపు కోసం డిపోకు ఫోను చేశాం. జీపు సిద్ధంగానే ఉంది, క్యాంటీను మాస్టరు అందులోనే కూర్చుని ఉన్నాడు. డ్రైవరు ఇడ్లీ రుబ్బుతున్నాడు, అధ్యాయం పూర్తికాకుండా పంపే అధికారం తమకు లేదన్నారు. మిగతా బస్సులన్నీ వాటి వాటి దారుల్లో జనాన్ని దించి ఎక్కిస్తున్నాయి. ఆటోలు పొద్దున్నే పట్నం పోతే చీకటి పడ్డాకే వస్తాయి. ఇటుకల లారీ ఒకటి ఆగింది గానీ, పైకి ఎక్కడానికి డాక్టర్ గారి కాలు అందలేదు.

ఇటుకబట్టీ దగ్గర చెట్టు ఉండదు. ఉన్నవన్నీ ఎప్పుడో బట్టీలో కాలిపోయాయి. మధ్యాహ్నం అయ్యేసరికి ఆయన కోటు విప్పి నెత్తిన కప్పుకున్నారు. బూట్లు విప్పి, నేల కాలితే మళ్లీ వేసుకున్నారు. ఊరి కుర్రాళ్లు పొలానికి మోసుకెళ్తూ పోసిన కుండనీళ్లు ముగ్గురం తాగాం.

"ఈ చోటును ఎంపిక చేసిందెవరు?" అన్నారాయన చాలాసేపటికి.

"తమరేనండీ. మ్యాపు మీద" అన్నారు సత్యారావు గారు.

నాకు మాత్రం మనసంతా ఆసుపత్రి గేటు దగ్గరే ఉంది. మిషను వేళకి వెళ్లారో లేదో, మనిషి ఉన్నాడో లేదో అని లోపల పీకుతూనే ఉంది. ఆయన బూట్ల గురించి నాకు పెద్ద బెంగ లేదు.

పొద్దువాలుతుండగా బస్సు వచ్చింది. కిక్కిరిసి ఉంది. ముందు కిటికీలో దండాసి కనపడ్డాడు. తల ఆనించి, నోరు కాస్త తెరుచుకుని, హాయిగా నిద్రపోతున్నాడు. ఊపిరి చప్పుడు లేదు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము వల్ల అనుకున్నారు సత్యారావు గారు.

కామేశ్వరరావు తలుపు దగ్గర బిక్కచచ్చి నిలబడ్డాడు. తననెక్కడ సస్పెండు చేస్తారోనని భయం. డాక్టర్ గారు అతన్ని చూడనైనా లేదు. మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయారు. పెదాలు పగిలాయి, మొహం కందిపోయింది. ఎదురుగా నిలబడ్డ గున్నమ్మను బిక్కుబిక్కుమంటూ చూశారు.

"ఏమ్మా, మధ్యలో ఎక్కడైనా ఛేంజ్ అవ్వాలా?" అని అడిగారు.

గున్నమ్మ పక్కకు జరిగి, చేపల గంప కాళ్ల కిందకి లాక్కుని, ఆయనకు చోటిచ్చింది.

"అక్కర్నేదు బావూ. ఎక్కి కూకోండి. మేవు ఎవులినీ మజ్జిలో దించం."